ఎప్పటికైతది మేస్త్రీ?

చిన్నప్పుడు మా ఇంట్లో తెల్లారేది ఒక ప్రశ్నతో. నాయిన వాకిట్లో వేపపుల్ల నములుతూ ఉండగానే ఎవరో ఒకరు వచ్చి సైకిలాపి, 'ఎప్పటికైతది మేస్త్రీ?' అని అడిగేవారు. ఒకరికి శ్రావణంలో గృహప్రవేశం. ఇంకొకరికి బిడ్డ పెళ్లి. మరొకరికి ఇల్లు ఖాళీ చెయ్యమని ఓనరు పోరు. కొందరు మర్యాదగా అడిగేవారు, కొందరు కోపంగా, కొందరు బతిమాలుతున్నట్టు. ప్రశ్న మాత్రం అదే.

మాది ఎల్లారెడ్డి. ఇప్పుడు కామారెడ్డి జిల్లా, 2016 దాకా నిజామాబాద్ జిల్లా. నాయిన అక్కడ ముప్పై ఏళ్లు సుతారి పని చేశాడు. నేను చదువుకుని, కామారెడ్డిలో రైలెక్కి, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాను. ఇటుకలూ సిమెంటూ మా ఇంటిని వదిలిపోయాయనుకున్నాను. ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు నాకూ అదే ప్రశ్నతో తెల్లారుతోంది. అడిగేవాళ్లు ఇంగ్లిషులో అడుగుతారు, అంతే తేడా.

'పునాది తవ్వనీయిండ్రి సారూ, చెప్త' అనేవాడు నాయిన. మా దిక్కు నేల ఒక్క తీరుగా ఉండదు. ఒక ప్లాటులో రెండడుగులకే మొరం తగులుతుంది. పక్క ప్లాటులో బండ. ఇంకొంచెం అవతల నల్లరేగడి, ఎంత తవ్వినా గట్టి నేల దొరకదు. పైనుంచి చూస్తే మూడూ ఒకలాగే ఉంటాయి. పునాది అయ్యాక అడిగితే, 'లెంటెల్ కాడికి రానీయిండ్రి' అనేవాడు. ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ ఆయన మాటలో గురి పెరిగేది. లెంటెల్ దగ్గర 'దసరాకు అటూ ఇటూ' అన్నాడంటే దసరాకు ఓ పదిరోజులు అటో ఇటో. స్లాబ్ పడ్డాక చెబితే ఇక తప్పేది కాదు.

అమ్మకు ఈ పద్ధతి నచ్చేది కాదు. 'ఏదో ఒక తారీకు చెప్పరాదు? చెప్పెటోళ్లకే పని దొరుకుతున్నది' అని సణిగేది. 'చెప్పెటోళ్లు మస్తుమంది ఉన్నరు. చెప్పిన తారీకుకు చేసెటోడే నాకు ఇంకా కనవడలే' అని నవ్వేవాడు నాయిన.

అలాగని ఆయనకు లెక్క లేదనుకోకండి. రోజులు చెప్పకపోయినా కొలత చెప్పేవాడు. 'బడి కాడ సారు ఇల్లు యాదికున్నదా? గా ఇంటికి ఒకటిన్నర ఉంటది మీది.' ఆ పైన, 'నాకు ఇద్దరు సుతార్లు, నలుగురు కూలోళ్లు. పోయిన నెల వీళ్లతోని ఎంత గోడ లేసిందో పోయి చూసి రాండ్రి' అనేవాడు. శ్రావణంలో చేరాల్సిందే అని ఎవరన్నా మరీ పట్టుబడితే ఇంకో మాట అడిగేవాడు. 'ఏ అర్రల చేరాలె? వంటిల్లు, దేవుని అర్ర, ముందటి అర్ర చేసిస్త. మీదిది సంక్రాంతికి చూసుకుందాం.' ఈ మాటలన్నీ నా చెవిన పడ్డాయి కానీ, మనసుకు ఎక్కడానికి చాలా ఏళ్లు పట్టింది.

2006లో మొదటిసారి ఒక ప్రాజెక్టుకు లీడ్‌నయ్యాను. అమెరికాలోని ఒక బీమా కంపెనీకి క్లెయిముల సాఫ్ట్‌వేర్. మేనేజరు పిలిచి 'ఎన్నాళ్లు పడుతుంది?' అన్నారు. రెండు రాత్రులు కూర్చుని పెద్ద పట్టిక తయారు చేశాను. ప్రతి పనికీ ఇన్ని రోజులని, చివర మొత్తం. ఆరున్నర నెలలొచ్చింది. ఆయన చూసి, 'క్లయింటుకు నాలుగు నెలలని చెప్పేశాం కదా' అన్నారు. జవాబు ముందే నిర్ణయమైపోయిన ప్రశ్న అది! 'మీకు ఎప్పటికి కావాలో చెప్పండి సార్, అప్పటికి చేస్తాం' అన్నాను. ఆ రాత్రి ఇంటికెళ్లి పట్టికలో అంకెలు మార్చాను. టెస్టింగుకు ఇచ్చిన రోజుల్ని సగానికి కోశాను. మొత్తం సరిగ్గా నాలుగు నెలలకు సరిపోయింది. కాగితం మీద ఏదైనా సరిపోతుంది.

మూడో నెలకే మునిగిపోతున్నామని తెలిసింది. పైవాళ్లు దయతలచి ఎనిమిది మందిని కొత్తగా పంపారు. వాళ్లకు పని నేర్పడంలో మా పని ఆగిపోయింది. ఐబీఎంలో భారీ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రాజెక్టును నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో 'ది మిథికల్ మ్యాన్ మంత్' అని ఓ పుస్తకం రాశాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని కలిపితే మరింత ఆలస్యమవుతుందని అందులో తన అనుభవం మీద తేల్చి చెప్పాడు. తొమ్మిది మంది తల్లులు కలిసి ఒక్క నెలలో బిడ్డను కనలేరని మా ఆఫీసుల్లో చెప్పుకునే జోకుకు మూలం అదే.

ఆ జోకు మా టీములో ఒకబ్బాయి విషయంలో జోకు కాకుండా పోయింది. కరీంనగర్‌లో అతని భార్య ప్రసవించిన రోజు అతను ఆఫీసులో ఉన్నాడు. రిలీజు అయ్యాక వెళ్దువులే అన్నాను. రిలీజు రెండుసార్లు వాయిదా పడింది. పాప పుట్టిన పదకొండో రోజు అతను బస్సెక్కాడు. తిరిగొచ్చాక ఫోటో చూపించి నవ్వాడే తప్ప ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. ప్రాజెక్టు చివరికి తొమ్మిది నెలలకు గట్టెక్కింది. ఆ నాలుగు నెలల తారీకు ఒప్పుకున్నది నేను. పదకొండు రోజులు పోయింది అతనికి.

మనుషులం ఇంత మొండిగా లెక్క ఎందుకు తప్పుతాం? ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1979లో మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఆమోస్ ట్వెర్స్‌కీ దీనికి ఒక పేరు పెట్టారు. ప్రణాళికా భ్రమ అనుకోవచ్చు. 2024లో కన్నుమూసిన కానమన్ తన మీదే ఒక ముచ్చట చెప్పుకున్నాడు. ఇజ్రాయెల్‌లో పాఠ్యపుస్తకం రాయడానికి ఒక కమిటీ వేశారు. ఎన్నాళ్లు పడుతుందంటే సభ్యులందరూ రెండేళ్లకు కాస్త అటూ ఇటూ రాసిచ్చారు. అందులో ఒకాయన అనుభవశాలి. మనలాంటి కమిటీలకు ఇంతకు ముందు ఎన్నాళ్లు పట్టిందని కానమన్ అడిగితే, ఆలోచించి, ఏడేళ్ల లోపు ముగించినవాళ్లు తనకు గుర్తు లేరన్నాడు. చాలామంది అసలు పూర్తే చెయ్యలేదట! ఈ సంగతి తెలిసిన ఆయన కూడా రెండేళ్లనే రాశాడు. పుస్తకం పూర్తవడానికి ఎనిమిదేళ్లు పట్టింది. మన పని గురించి తలచుకున్నప్పుడు అన్నీ అనుకూలంగా జరిగే రోజులే కళ్ల ముందు కదులుతాయి. మన లాంటి వాళ్లకు జరిగిందేమిటని వెనక్కి చూస్తే తప్ప నిజం కనిపించదు. 'బడి కాడ సారు ఇల్లు యాదికున్నదా' అని మా నాయిన అడిగింది ఇందుకే.

2009లో మా టీముకు కొత్త పద్ధతి వచ్చింది. ఎజైల్ అంటారు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కూర్చుని ఒక చిన్న ప్రకటన రాశారు. దాని సారం ఇది. ఏడాది ప్లాను ముందే రాసి దానికి కట్టుబడి చచ్చిపోవద్దు. కొంచెం కొంచెం కట్టి, వాడేవాళ్లకు చూపించి, తెలిసిన దాన్ని బట్టి ముందడుగు వెయ్యి. రెండు వారాలు ఒక విడత. దాన్ని స్ప్రింట్ అంటారు.

అంచనాలు వేయడానికి పేకముక్కలు ఇచ్చారు! ప్లానింగ్ పోకర్ దాని పేరు. 2002లో జేమ్స్ గ్రెనింగ్ దీన్ని మొదలుపెట్టగా, 2005లో మైక్ కోన్ ఎజైల్ అంచనాల మీద రాసిన పుస్తకంతో అందరికీ పాకింది. ఒక పనిని చదువుతారు. ప్రతి ఒక్కరూ మనసులో అనుకున్న అంకె ముక్కను బోర్లా పెట్టి, అందరూ ఒకేసారి తిప్పాలి. పెద్దాయన ముందు చెబితే చిన్నవాళ్లు అదే అంటారు కదా, అది జరగకుండా ఈ ఏర్పాటు. ముక్కల మీద 1, 2, 3, 5, 8, 13, ఆ పైన 20, 40, 100 ఉంటాయి. పని పెద్దదయ్యేకొద్దీ మనకు తెలిసింది తక్కువ, అందుకే అంకెల మధ్య దూరం ఎక్కువ. 13 దాకా ఇవి ఫిబొనాచీ వరుస. 1202లో ఇటలీ గణితవేత్త రాయకముందే మన హేమచంద్రుడు ఛందస్సులో మాత్రలు లెక్కపెడుతూ ఈ వరుసను చెప్పాడు.

ఆ అంకెలు రోజులు కావు. వాటిని స్టోరీ పాయింట్లంటారు. ఈ పని 2 అనుకుంటే ఆ పని దానికి నాలుగింతలు, కాబట్టి 8. అంతే. మొదటిసారి విన్నప్పుడు ఎక్కడో విన్నట్టే అనిపించింది. 'గా ఇంటికి ఒకటిన్నర ఉంటది మీది!'

ఒక రోజు జరిగింది చెబుతాను. పాత క్లెయిముల వివరాలు ఒక తెర మీద చూపించాలి, అదీ పని. ముక్కలు తిప్పాం. మాలో అందరికన్నా సీనియరు 3 చూపించాడు. టెస్టింగులో కొత్తగా చేరిన అమ్మాయి 13 చూపించి, అందరి చూపులూ తన మీద పడేసరికి బిక్కచచ్చిపోయింది. ఎక్కువ చెప్పినవాళ్లూ తక్కువ చెప్పినవాళ్లూ కారణం చెప్పాలని నియమం. 'సార్, పదేళ్ల కిందటి రికార్డులు వేరే డేటాబేసులో ఉన్నాయి. వాటిలో తేదీలు రెండు రకాలుగా రాశారు. కొన్నిట్లో నెల ముందు, కొన్నిట్లో రోజు ముందు' అంది. గదిలో ఎవరికీ నోట మాట రాలేదు. సీనియరు తన ముక్క తీసి 13 పెట్టాడు. పాత పద్ధతిలో అయితే ఆ అమ్మాయిని ఎవరూ అడిగి ఉండేవారు కాదు. మట్టి కింద బండ ఉందని తవ్వేదాకా తెలిసేది కాదు.

ఆ ప్రాజెక్టులో మొత్తం పని 240 పాయింట్లని తేలింది. ఎప్పటికవుతుందని క్లయింటు అడిగితే, మూడు స్ప్రింట్లు ఆగమన్నాం. మొదటి విడతలో 18 పాయింట్ల పని పూర్తయింది, రెండో విడతలో 23, మూడో దాంట్లో 21. దీన్నే వెలాసిటీ అంటారు, అంటే టీము నడక వేగం. ఇక లెక్క ఎవరైనా వెయ్యొచ్చు. బాగా నడిస్తే 240ని 23తో భాగించాలి, పదకొండు విడతలు. నెమ్మదిగా నడిస్తే 18తో, పద్నాలుగు విడతలు. మొదటి రోజు నుంచి లెక్కేస్తే అయిదు నెలలకు తక్కువ కాదు, ఆరున్నర నెలలకు మించదు అని చెప్పాం. ఆరు నెలలకు పూర్తయింది. ఆ ఆరు నెలల్లో ఎవరి ఇంట్లో శుభకార్యమూ మా వల్ల ఆగలేదు.

కథ ఇక్కడ ముగిస్తే బాగుండేది. కానీ అంకె అంటూ ఒకటి కాగితం మీద పడితే దాని మీద పైవాళ్ల కన్ను పడుతుంది. 'పక్క టీము విడతకు 40 చేస్తోంది, మీరు 21యేనా?' అన్నారు. రెండు నెలల్లో మేమూ 40 చేశాం. ఎలాగంటారా? నిన్నటి 3ని 5 అన్నాం, 5ని 8 అన్నాం, 8ని 13 అన్నాం. తూకంరాయి మార్చి బియ్యం పెరిగాయన్నట్టు. స్నోబర్డ్‌లో కూర్చున్న 17 మందిలో ఒకరైన రాన్ జెఫ్రీస్, స్టోరీ పాయింట్లను బహుశా తానే కనిపెట్టి ఉంటానని, అదే నిజమైతే అందుకు చింతిస్తున్నానని 2019లో రాశాడు. తెలుసుకోవడానికి చేసిన కొలత, మనుషుల్ని తోలడానికి కర్ర అయిపోయిందని ఆయన బాధ.

పైవాళ్లను అంతగా తిట్టుకున్న నేను ఏం చేశానో కూడా చెప్పాలి.

2013లో నేను అమెరికాలో ఉన్నాను. ఎల్లారెడ్డిలో మా సొంత ఇల్లు లేస్తోంది. ఊరందరికీ ఇళ్లు కట్టిన నాయిన అరవై దాటాక తన ఇల్లు కట్టుకుంటున్నాడు. ఫోన్ చేసి అడిగాను, 'ఎప్పటికైతది నాయినా?' 'స్లాబ్ పడనీ బిడ్డా, చెప్త' అన్నాడు. 'అట్ల కాదు, నాకు లీవు దొరకదు, టికెట్లు బుక్ చేసుకోవాలె. జూన్ రెండో వారంల అయితదా కాదా?' అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత, 'నువ్వు ఎప్పుడు రావాల్నో చెప్పు బిడ్డా. అప్పటికి చేస్త' అన్నాడు.

ఆ వాక్యాన్ని నేను గుర్తుపట్టి ఉండాల్సింది. 2006లో మా మేనేజరుకు నేను చెప్పింది అదే.

జూన్‌లో వచ్చేసరికి ఇల్లు పెళ్లిపందిరిలా ఉంది. గృహప్రవేశం ఘనంగా జరిగింది. చుట్టాలు గోడలు తడిమి చూసి మెచ్చుకున్నారు. రెండు వారాలుండి వెళ్లిపోయాను. జులై వానలకు ముందటి అర్ర కారింది. ఒక మూలన మొదలై, గోడ పొడుగునా తేమ దిగి, రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. 'మేస్త్రీ ఇల్లే కారుతున్నదట' అని అంగడిలో అనుకున్నారట. ఈ సంగతి నాకు రెండేళ్ల దాకా తెలియదు. ఆ దసరా నుంచి నాయిన కొత్త పని ఒప్పుకోలేదంటే వయసైందనుకున్నాను.

అమ్మ చెప్పింది తర్వాత. మే నెల ఎండల్లో పగలు పని సాగక, రాత్రిళ్లు బల్బులు కట్టి చేశారట. గోడలకు నీళ్లు పట్టాల్సినన్ని రోజులు పట్టలేదు. ఆరకముందే రంగు వేశారు. డాబా మీద వాన నీళ్లు జారిపోయేందుకు వాటం చేసి సిమెంటు వెయ్యాల్సిన పని వెనక్కి పెట్టాడు. చుట్టాలెవరూ డాబా ఎక్కి చూడరు కదా! తారీకు తరిమినప్పుడు ముందుగా కోతపడేది కంటికి కనిపించని పనే. నేను టెస్టింగు రోజుల్ని కోసినట్టు, మా నాయిన డాబా పనిని కోశాడు. ముప్పై ఏళ్లలో ఎవరి తారీకుకూ లొంగని మనిషి, కొడుకు తారీకుకు లొంగాడు.

నాకు వేరే బాధ కూడా ఉంది. శ్రావణమని పట్టుబట్టిన ప్రతివాళ్లనూ ఆయన ఏ అర్రల చేరాలె అని అడిగేవాడు. నన్ను అడగలేదు. నేనన్నా ఆయన్ని అడిగి ఉండాల్సింది. ఆ రెండు వారాలకు మాకు కావాల్సింది దేవుని అర్ర, వంటిల్లు, పడుకోవడానికి ఒక చోటు. తారీకు కదలకూడదంటే పని తగ్గాలి. పని తగ్గకూడదంటే తారీకు కదలాలి. రెండూ బిగిస్తే కారేది ఇల్లే. నా రోజువారీ పనిలో నేను అందరికీ చెప్పే సూత్రం ఇది. ఇంట్లో గుర్తు రాలేదు.

తెలిసిన ఏడాది వానాకాలం నాయినను బండి మీద ఎక్కించుకుని నిజాంసాగర్ తీసుకెళ్లాను. మా ఊరికి దగ్గరే. క్షమించమని అడగాలని వెళ్లాను కానీ, కట్ట మీద నిలబడ్డాక నోరు పెగల్లేదు. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన ప్రాజెక్టు అది. అలీ నవాజ్ జంగ్ లాంటి గొప్ప ఇంజినీరు ఆధ్వర్యంలో కట్టారు. మొదట్లో 29 టీఎంసీలకు పైగా నీళ్లు పట్టేది. కానీ నది ఏటా తెచ్చిన ఒండ్రు పేరుకుని, 1970ల నాటికి ఆ సామర్థ్యం సగానికన్నా కిందికి పడిపోయింది. తర్వాత నీటిమట్టం పెంచితే ఇప్పటి 17.8 టీఎంసీలకు వచ్చింది.

ఇదంతా నాయినతో అన్నాను. ఆయన నీళ్ల వైపు చూస్తూ, 'గంత పెద్దోళ్లకే ఒండ్రు ఎంతొస్తదో ముందుగాల ఎరుక కాలే. ఎరుక కాకపోవుడు తప్పు కాదు బిడ్డా. ఎరుకైనంక ఎత్తు పెంచిండ్రా లేదా? గది చూడాలె' అన్నాడు. కాసేపాగి, 'డాబా మీద వాటం నేను మల్లా చేసిన. ఇప్పుడు కారుతలేదు' అన్నాడు. మా ఇంటి గురించి ఆయన నాతో మాట్లాడింది అంతే.

ఇప్పుడు మా టీములో పిల్లలెవరన్నా, 'ఇంకా తెలియదు సార్, రెండు వారాలు పని చేస్తే చెప్పగలను' అంటే నేను తొందరపెట్టను. ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం మనిషికి ఉండాలంటే, విన్నవాడు కోప్పడకూడదు. క్లయింటు తారీకు అడిగితే ఈ రోజుకీ ఆ రోజుకీ మధ్య అని చెబుతాను. ఒప్పుకోకపోతే ఏ అర్రలో ముందు చేరతారని అడుగుతాను. మాటలు వేరే అనుకోండి. కొన్నిసార్లు పని చేజారుతుంది. తారీకు చెప్పేవాళ్లకే పని దొరుకుతుందని అమ్మ అన్నది అబద్ధం కాదు.

పోయిన వారం నాయిన ఫోన్ చేశాడు. 'ఎప్పుడొస్తవ్ బిడ్డా?' ఈ నెలాఖరుకు రిలీజు ఉంది, అది అయ్యాక శనివారం, లేకపోతే ఆ పై శనివారం అని నేను లెక్కలు మొదలుపెట్టాను. మధ్యలోనే ఆపేశాడు.

'తారీకు చెప్పకు బిడ్డా. కామారెడ్డిల దిగినంక ఫోన్ చెయ్యి. మీ అమ్మతోని కూర వండిపిస్త.'